ఎత్తుగడకు ముందు
(కొత్తవలసలో ఇచ్చిన ధర్మనిధి స్మారకోపన్యాసం పాఠం)



ఆహ్వానపత్రంలో విషయం చూసి ఒక మిత్రుడు, "సింఫనీ ఆర్కెస్ట్రాకీ కొత్తవలసకీ ఏటి సంబంధం?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. జీతాలిచ్చి పోషించే సింఫనీ ఆర్కెస్ట్రా మన దగ్గర లేదు. దేశం మొత్తంలో వృత్తిగా నడిచేదని చెప్పుకోదగ్గది 2006లో ముంబైలో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా. ప్రపంచమంతా ఎరిగిన కండక్టర్ జుబిన్ మెహతా 1936లో బొంబాయిలోనే పుట్టారు గానీ, ఆయన వృత్తి జీవితం చాలావరకు వియన్నా, న్యూయార్క్, టెల్ అవీవ్ వంటి నగరాల చుట్టూ సాగింది.

అయినా కండక్టర్ చేసే పనిని ఈ ఊరు చూసింది. ఎవరి కుటుంబం ఈ ధర్మనిధి నెలకొల్పిందో ఆ మాస్టారు ఏటా పంద్రాగస్టుకు బడిపిల్లల చేత బృందగానం చేయించేవారు. పాట నల్లబల్ల మీద రాసి, మాటల మధ్య అక్కడక్కడ నిలువు గీతలు గీసేవారు. అవి ఊపిరి గీతలు. గీత ఉన్నచోటే అందరూ ఊపిరి తీసుకోవాలి, మరెక్కడా తీసుకోకూడదు. గొంతు పెద్దగా ఉన్న కుర్రాళ్ళను వెనక్కి పంపి, శ్రుతి నిలిచే పిల్లలను వరసకు ఇద్దరు చొప్పున సర్దేవారు. పాట మొదలుపెట్టే ముందు ఆయన తల ఎత్తి, అందరికీ కనిపించేలా తానే ఊపిరి తీసుకునేవారు. అంతే, నలభై గొంతులు ఒక్కసారిగా అందుకునేవి. కండక్టర్ విద్యలో సగం ఇందులోనే ఉంది. మిగతా సగం ఈ పూట చెప్పుకుందాం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మనకు సాధన విలువ తెలుసు, రిహార్సల్ విలువ ఇంకా పూర్తిగా తెలియదు. సాధన ఒంటరిగా చేసుకునేది. తెల్లవారుజామున లేచి ఎన్ని గంటలు చేసినా అది మన చేతినీ గొంతునీ పదును పెడుతుంది. రిహార్సల్ పక్కవాడితో చేసేది. అక్కడ పదును పెట్టుకోవలసింది చెవిని. కండక్టర్ జీవితంలో చప్పట్లు వినిపించేది ఏ కొద్దిసేపో, తక్కినదంతా రిహార్సలే.

మన కచేరీకి కండక్టర్ అవసరం ఎందుకు రాలేదు

ఇక్కడికి కూతవేటు దూరంలో విజయనగరం ఉంది. 1919లో అక్కడ మహారాజా వారి సంగీత కళాశాల మొదలైనప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. రెండు చేతులు, రెండు కాళ్ళు, తల, ఈ ఐదింటితో ఐదు వేర్వేరు తాళాలు నడిపిస్తూ పాడిన పంచముఖి ఆయనది. పడమటి దేశాల కండక్టింగ్ తరగతిలో విద్యార్థికి మొదట పెట్టే పరీక్ష, కుడి చేత్తో తాళం నడుపుతూ ఎడమ చేత్తో దానికి సంబంధం లేని పని చెయ్యడం. కుడి చెయ్యి కాలాన్ని చూసుకుంటుంది, ఎడమ చెయ్యి హెచ్చుతగ్గులనీ, ఎవరెప్పుడు అందుకోవాలన్నదీ చూసుకుంటుంది. ఆ పరీక్షలో దాసుగారికి ఎన్ని మార్కులు వచ్చేవో మీరే ఊహించుకోండి.

అదే కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళ్ళిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని ఆచార్యుడిగానే తీసుకున్నారు. 1936లో ఆయన ప్రిన్సిపాల్ అయ్యారు. వీళ్ళిద్దరి దగ్గరా, వీళ్ళ శిష్యుల దగ్గరా పెరిగిన మన సంగీతానికి కండక్టర్ అవసరం ఎన్నడూ కలగలేదు.

కారణం స్పష్టమే. కచేరీ వేదిక మీద ఉండేది నలుగురైదుగురు, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. తాళం గాయకుడి తొడ మీద కంటికి కనిపిస్తూనే ఉంటుంది. కీర్తనలు అందరికీ కంఠతా వచ్చు. ఏ రాగం ఎత్తుకుంటారో ముందు చెప్పకపోయినా ఫిడేలు విద్వాంసుడు రెండు సంచారాలు వినగానే పట్టేసి నీడలా వెంట నడుస్తాడు. వేదిక మీదే మొదటిసారి కలిసిన ముగ్గురు మూడు గంటల పాటు ఏళ్ళ పరిచయం ఉన్నవాళ్ళలా వాయించడం ప్రపంచ సంగీతంలో అరుదైన విషయం. దాన్ని నేను తక్కువ చెయ్యను.

కానీ అది కొన్ని షరతుల మీద నిలబడిన విద్య. మనుషులు తక్కువ ఉండాలి, దగ్గరగా ఉండాలి, అందరికీ ఒకే సంగీతం వచ్చి ఉండాలి, ఎవరి భాగాన్ని వాళ్ళు అప్పటికప్పుడు అల్లుకునే వీలుండాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా పద్ధతి మారిపోతుంది. పదిహేను ఇరవైమంది గుండెల మీద రేకు తప్పెటలు కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో గెంతుతూ ఆడే మన తప్పెటగుళ్ల బృందాలకు ఈ సంగతి బాగా తెలుసు. అక్కడ గురువు ఉండి తీరాలి. అడుగు మార్పు ఆయన దగ్గర మొదలవ్వాలి. పండగకు ముందు ఊరంతా పడుకున్నాక దళమంతా చేరి అడుగులు కలుపుకోవాలి. "ఒకడి గజ్జె తప్పితే అందరి గజ్జే తప్పినట్టే బాబూ" అని ఒక పెద్ద గురువు నాతో అన్నారు. నేను చదివిన కండక్టింగ్ పుస్తకాల్లో ఇంతకన్నా క్లుప్తంగా ఎవరూ చెప్పలేదు.

చెవి కంటే కన్ను ముందు

పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రాలో ఎనభై నుంచి వందమంది ఉంటారు. అందులో అరవైమంది దాకా కమాను వాద్యాలవాళ్ళే: మొదటి ఫిడేళ్ళు పదహారు, రెండో ఫిడేళ్ళు పద్నాలుగు, వయోలాలు పన్నెండు, చెల్లోలు పది, డబుల్ బేస్‌లు ఎనిమిది. వాళ్ళ వెనక చెక్క పిల్లనగ్రోవుల జాతి, ఆ వెనక ఇత్తడి బూరలు, చివర డోళ్ళు.

ఇంతమందీ లయ తెలిసినవాళ్ళే కదా, ఒకరినొకరు వింటూ వాయించలేరా? వాయించలేరు. వాళ్ళ చేతకానితనం వల్ల కాదు, ధ్వని నెమ్మదితనం వల్ల. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. వేదిక మీద ఈ కొసనున్న ఫిడేలుకూ ఆ కొసనున్న బూరకూ మధ్య పదిహేడు మీటర్లు ఉంటే, ఇక్కడి స్వరం అక్కడికి చేరేసరికి సెకనులో ఇరవయ్యో వంతు గడిచిపోతుంది. బూర ఊదే ఆయన తన చెవిని నమ్మి ఫిడేలుతో కలిస్తే, ఆయన స్వరం అంత ఆలస్యంగా పుడుతుంది. అది మళ్ళీ ఫిడేలు దగ్గరకు చేరేసరికి ఆలస్యం రెండింతలు. కాంతికి ఈ చిక్కు లేదు. కనుక అందరికీ కనిపించే చోట ఒక చెయ్యి కదలాలి. వెనక వరసల వాళ్ళు చెవికి వినిపించేదానికన్నా కంటికి కనిపించేదాన్ని నమ్మాలి. కండక్టర్ ఎత్తయిన పీట మీద నిలబడేది ఇందుకే.

ఆ చెయ్యి ఒకప్పుడు నేల మీద కర్రతో చప్పుడు చేసేది. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ ఆస్థానంలో లల్లీ అనే స్వరకర్త 1687లో అలా తాళం వేస్తూ కర్ర తన కాలి మీదే కొట్టుకుని, పుండు కుళ్ళి కన్నుమూశాడు. చప్పుడు చెయ్యని సన్నని పుల్ల వాడుకలో స్థిరపడింది పందొమ్మిదో శతాబ్దంలో.

మన తాళానికీ ఆ పుల్ల కదలికకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఆదితాళం వేస్తున్న చెయ్యి, మనం ఇప్పుడు ఏ అక్షరం మీద ఉన్నామో చెబుతుంది. కండక్టర్ చెయ్యి రాబోయేదాన్ని చెబుతుంది. దెబ్బకు ముందు చెయ్యి పైకి లేస్తుంది చూడండి, ఆ లేవడంలోనే అన్నీ ఉంటాయి: వేగమెంత, గట్టిగానా మెత్తగానా, తెగ్గొట్టాలా సాగదియ్యాలా. చెయ్యి కిందికి దిగేసరికి చెప్పవలసింది చెప్పడం అయిపోయింది. బూర ఊదేవాళ్ళు ఊపిరి తీసుకోవాలి, ఫిడేలువాళ్ళు కమాను ఆనించాలి. మాస్టారు తల ఎత్తి ఊపిరి తీసుకునేది కూడా అందుకే.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. బీథోవెన్ ఐదో సింఫనీ మొదలు వినని వాళ్ళు ఉండరు. సంగీతమని తెలియకుండానే సినిమాల్లో, ప్రకటనల్లో వినే ఉంటారు. మన స్వరాల్లో చెప్పుకుంటే ప ప ప, ఆపైన సాధారణ గాంధారం మీద నిలుపు. మళ్ళీ మ మ మ, ఆపైన చతుశ్రుతి రిషభం మీద నిలుపు. చిన్నపిల్లాడు కూడా పాడగలడు. కండక్టర్లకు మాత్రం అది గండం.

ఎందుకంటే ఆ పాట స్వరంతో మొదలవదు, నిశ్శబ్దంతో మొదలవుతుంది. దెబ్బ పడ్డాక స్వరం పుడుతుంది. మనవాళ్ళు అనాగత ఎత్తుగడ అంటారే, సరిగ్గా అదే. బీథోవెన్ గుర్తుపెట్టిన వేగం ప్రకారం ఆ మొదటి విరామం సెకనులో ఏడో వంతు. అంత చిన్న ఖాళీ దాటగానే కమాను వాద్యాలన్నీ, వాటితో రెండు క్లారినెట్లూ, ఒక్క మనిషిలా మూడు పంచమాలు వాయించాలి. అంతకు ముందు నడుస్తున్న తాళమంటూ ఏదీ లేదు, పట్టుకోవడానికి ఆధారం లేదు. చెయ్యి కాస్త తడబడితే మూడు స్వరాలు నాలుగో ఐదో అయి వినిపిస్తాయి. పైగా రెండో నిలుపు మొదటిదానికన్నా ఒక బార్, అంటే పడమటి తాళంలో ఒక చుట్టు, ఎక్కువ రాసి ఉంది. మొదటిసారి ఎంతసేపు ఆపాలి, రెండోసారి ఎంత ఎక్కువ ఆపాలి, ఆపాక చెయ్యి తీసేసి కొత్తగా ఎత్తుకోవాలా, లేక ఆ తీసే కదలికతోనే తర్వాతి ఎత్తుగడ ఇవ్వాలా? ఈ ప్రశ్నలకు ఇంట్లోనే జవాబు తేల్చుకోకుండా ఆర్కెస్ట్రా ముందుకు వెళ్ళిన కండక్టర్‌ను తొంభైమంది మొదటి నిమిషంలోనే కనిపెట్టేస్తారు.

ఇంటి దగ్గర పని

అందుచేత పని ఇంట్లో మొదలవుతుంది. స్కోరు అంటే అన్ని వాద్యాల వరసలూ ఒకదాని కింద ఒకటి రాసిన పుస్తకం. ఒక్క పేజీలో ఇరవై, ముప్పై వరసలు కూడా ఉండవచ్చు. వాటన్నిటినీ ఒక్క చూపులో చదవాలి, చదివింది చెవిలో వినిపించాలి.

అందులో ఇంకో మెలిక. అన్ని వాద్యాలకూ స్వరాలు మోగినట్టే రాయరు. బి ఫ్లాట్ క్లారినెట్‌కు రాసిన స్వరం ఒక మెట్టు కింద మోగుతుంది. ఎఫ్ హార్న్‌కు రాసింది ఐదో స్వరమంత కింద మోగుతుంది. అంటే ఫిడేలు, క్లారినెట్, హార్న్ ముగ్గురూ ఒకే స్వరం వాయిస్తున్నప్పుడు కాగితం మీద మూడు వేర్వేరు స్వరాలు కనిపిస్తాయి. శ్రుతిభేదం చేసి చూడడం అలవాటున్న మన విద్వాంసులకు ఇది త్వరగా పట్టుబడుతుందని నా నమ్మకం.

తర్వాత పెన్సిలు. ఎవరు ఎక్కడ చాలాసేపటి తర్వాత అందుకుంటారు, వాళ్ళ వైపు ఎప్పుడు చూడాలి, ఏ పదబంధం ఎక్కడ ముగుస్తుంది, ఏ ఇత్తడి స్వరం కింద ఏ పిల్లనగ్రోవి నలిగిపోతుంది, అన్నిటికీ గుర్తులు పడతాయి. ఫిడేళ్ళ వాళ్ళకు కమాను ఎక్కడ కిందికి, ఎక్కడ పైకి అన్నది మొదటి ఫిడేలు నాయకుడితో మాట్లాడి తేల్చి, ముందే కాగితాల మీదకు ఎక్కిస్తారు. పదహారు కమానులు ఒకేసారి లేచి ఒకేసారి దిగేది చూపరుల కంటికి అందం కోసం కాదు. కమాను దిశ మారితే స్వరం బరువు మారుతుంది.

రిహార్సల్ గది

ఇప్పుడు అసలు చోటుకు వచ్చాం. ఓబో వాద్యకారుడు ఒక స్వరం ఊదుతాడు, అందరూ దానికి శ్రుతి చేసుకుంటారు. గడియారం నడవడం మొదలవుతుంది. ఆ గడియారం ఖరీదైనది. తొంభైమంది కూర్చున్న గదిలో కండక్టర్ ఒక్క నిమిషం కబుర్లు చెబితే మనుషుల లెక్కన గంటన్నర కాలం పోయినట్టు. పెద్ద ఆర్కెస్ట్రాల్లో కూడా ఒక కచేరీకి దొరికేవి చాలాసార్లు రెండు మూడు రిహార్సళ్ళే. విరామం ఎప్పుడు, ముగింపు ఎప్పుడు అన్నవి నిమిషాలతో సహా ఒప్పందంలో ఉంటాయి.

కనుక మంచి కండక్టర్ మొదటి పాఠం మాట పొదుపు. వాయిద్యం ఆపితే మూడు సంగతులు వరసగా చెప్పాలి: ఎవరు, ఎక్కడ, ఏమిటి. "రెండో ఫిడేళ్ళు, నూట ఇరవై రెండో బార్, ఇంకా మెత్తగా." ఎవరో ముందు చెబితే మిగతావాళ్ళంతా ఊపిరి పీల్చుకుంటారు, ఆ పద్నాలుగు మంది చెవి పెడతారు. ఆపడానికి కారణం ఉండాలి. ఆ తప్పు వాళ్ళంతట వాళ్ళే రెండోసారికి దిద్దుకునేదైతే ఆపకూడదు. ఏది ఆపదగ్గ తప్పు, ఏది వదిలెయ్యదగ్గది అని క్షణంలో తేల్చుకోవడమే ఈ వృత్తిలో అనుభవం.

వరస కూడా ఆలోచించి పెట్టుకోవాలి. అందరూ కావలసిన పాటను ముందు తీసుకుంటే, తర్వాత పని లేనివాళ్ళు ఇంటికి పోవచ్చు. మూడు బూరలను రెండు గంటలు ఊరికే కూర్చోబెట్టి ఆఖరి పది నిమిషాల్లో వాయించమంటే వాళ్ళు వాయిస్తారు గానీ మనసు పెట్టరు. ఎదుటివాడి పొద్దుకు విలువ ఇవ్వడం మర్యాద మాత్రమే అనుకుంటాం, స్వరంలో కూడా అది వినిపిస్తుంది.

హాలు సంగతి వేరు. ఖాళీ హాల్లో మోత ఎక్కువ. సాయంత్రం జనం వచ్చి కూర్చున్నాక వాళ్ళ బట్టలు, ఒళ్ళు ఆ మోతను పీల్చేసుకుంటాయి. అందుకే రిహార్సల్ మధ్యలో కండక్టర్ పుల్లను సహాయకుడికిచ్చి హాలు చివరకు నడిచి వెళ్తాడు, అక్కడ నిలబడి విని, జనం ఉంటే ఎలా ఉంటుందో లెక్క కడతాడు.

ఇక కోపం. టాస్కనీనీ రిహార్సళ్ళలో అరిచిన అరుపులు రికార్డుల్లో ఇప్పటికీ వినవచ్చు. 1886లో పందొమ్మిదేళ్ళ వయసులో, చెల్లో వాయించడానికి వెళ్ళినవాడు, రియో డి జనీరోలో ఆపద్ధర్మంగా పీట ఎక్కి మొత్తం ఐదా ఆపెరాను స్కోరు చూడకుండా నడిపిన మనిషి ఆయన. అంత జ్ఞాపకశక్తి ఉన్నవాడి కోపాన్ని అప్పటివాళ్ళు భరించారు. ఇప్పుడు కాలం మారింది. బెర్లిన్ ఫిల్హార్మోనిక్ వాద్యకారులు తమ ముఖ్య కండక్టర్‌ను తామే ఓట్లు వేసి ఎన్నుకుంటారు. వియన్నా ఫిల్హార్మోనిక్ 1933 తర్వాత ముఖ్య కండక్టర్ అనే పదవినే ఉంచుకోలేదు, ఎవరు కావాలంటే వాళ్ళను పిలిపించుకుంటుంది. ఎదురుగా కూర్చున్న ఒక్కొక్కరూ తన వాద్యంలో తనకన్నా ఎక్కువ తెలిసినవాళ్ళని ఒప్పుకుని, అందరినీ కలిపి వినే పని మాత్రం తనదని నమ్మించగలిగినవాడే ఇప్పుడు నిలుస్తున్నాడు.

సాయంత్రం మిగిలేది

ఇంత జరిగాక వేదిక మీద కండక్టర్ చేసేదేమిటి? ఉదయం ఒప్పుకున్నవాటిని గుర్తుచెయ్యడం, ఉదయం కుదరని ఒకటి రెండిటికి ఇప్పుడు ధైర్యం ఇవ్వడం. మాట లేదు, ఆపడం లేదు. చూపు, చెయ్యి, అంతే.

రిహార్సల్ లేకపోతే ఎంతటివాడికైనా ఏమవుతుందో చెప్పడానికి 1808 డిసెంబర్ 22 ఒక్కటి చాలు. ఆ రాత్రి వియన్నాలో, వేడి చెయ్యని చల్లటి థియేటర్‌లో, ఇందాక చెప్పుకున్న ఐదో సింఫనీ మొదటిసారి లోకానికి వినిపించింది. అదే రాత్రి ఆరో సింఫనీ, నాలుగో పియానో కన్చెర్టో, ఇంకా ఎన్నో. నాలుగు గంటల పైచిలుకు కచేరీకి చాలినంత రిహార్సల్ జరగలేదు. చివరి అంశం మధ్యలో ఆర్కెస్ట్రా చెదిరిపోయింది. బీథోవెన్ ఆపించి, మళ్ళీ మొదలుపెట్టించాడు. రాసినవాడే ఎదురుగా ఉన్నా, ఆ స్వరాలు అంత గొప్పవైనా, కలిసి వాయించి చూసుకోనిది ఆ రాత్రి నిలబడలేదు.

దీనికి ఎదురు సాక్ష్యంగా 1943 నవంబర్ 14 చూపిస్తారు. బ్రూనో వాల్టర్‌కు జబ్బు చేస్తే, పాతికేళ్ళ లెనర్డ్ బెర్న్‌స్టైన్ రిహార్సల్ లేకుండానే న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌ను నడిపి ఒక్కరోజులో దేశమంతా తెలిసిపోయాడు. ధైర్యం ఆయనదే, కాదనను. అయితే రిహార్సల్ చెయ్యనిది బెర్న్‌స్టైన్ ఒక్కడే. ఆర్కెస్ట్రా చేత వాల్టర్ అప్పటికే చేయించి ఉన్నాడు.

కండక్టర్ లేకుండా నడిచిన ఆర్కెస్ట్రాలూ ఉన్నాయి. మాస్కోలో 1922లో పుట్టిన పెర్సింఫాన్స్ పదేళ్ళు నడిచింది. న్యూయార్క్‌లో 1972లో మొదలైన ఆర్ఫియస్ ఇప్పటికీ ఉంది. ఈ రెండు బృందాలూ కండక్టర్‌ను వదిలించుకున్నాయి గానీ రిహార్సల్‌ను వదిలించుకోలేకపోయాయి. ప్రతి సంగతీ అందరూ చర్చించి తేల్చుకోవాలి గనుక ఇంకా ఎక్కువ చెయ్యవలసి వచ్చింది.

మద్రాసు బండెక్కినవాళ్ళు

ఇప్పుడు మనవాళ్ళ దగ్గరకు వద్దాం. మన జిల్లా వాళ్ళు చాలామంది ఈ ఊరి రైలు పట్టాల మీదుగానే మద్రాసు వెళ్ళి, ఈ విద్యను పేరు పెట్టుకోకుండానే నేర్చుకున్నారు, నేర్పారు.

సాలూరు దగ్గర శివరామపురంలో 1922లో పుట్టారు సాలూరి రాజేశ్వరరావు గారు. తండ్రి సన్యాసిరాజు గారు మృదంగ విద్వాంసులు, ద్వారం వారికి పక్కవాద్యం వాయించినవారు. అంటే ఇంట్లో కచేరీ విద్య పుష్కలంగా ఉంది. కొడుకు దానికి బృంద విద్యను కలిపారు. జెమినీ వారి చంద్రలేఖ 1948లో వచ్చింది. అందులో డోళ్ళ నృత్యం వెనక మోగే సంగీతం విన్నవాళ్ళకు, పెద్ద వాద్యబృందాన్ని అదుపులో పెట్టి నడపడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. 1951 నాటి మల్లీశ్వరికి పాటల బాణీలు రాజేశ్వరరావు గారివైతే, ఆర్కెస్ట్రా బాధ్యత అద్దేపల్లి రామారావు గారిది. బి.ఎన్. రెడ్డి గారు ఆ పేరును తెర మీద విడిగా వేయించారు. బాణీ కట్టడం ఒక పని, దాన్ని పాతికమంది చేత పలికించడం ఇంకో పని అని ఆ టైటిల్ కార్డు ఒప్పుకుంది. 1957లో మాయాబజార్‌కు రాజేశ్వరరావు గారు కొన్ని బాణీలు కట్టి తప్పుకుంటే, వాటికి వాద్యాలు సమకూర్చి, రికార్డు చేయించి, మిగతావి కట్టినది విజయనగరం కళాశాలలో చదువుకున్న ఘంటసాల గారు. ఆ పాటలు విన్నప్పుడు ఏది ఎవరిదో అతుకు కనిపించదు.

ఆ రోజుల రికార్డింగు తలుచుకోండి. పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు అందరూ ఒకే హాల్లో. మైకులు ఒకటో రెండో. ఎవరి శబ్దం ఎంత అన్నది మైకుకు వాళ్ళు కూర్చున్న దూరాన్ని బట్టే. తబలా రెండడుగులు వెనక్కి, వేణువు ఒక అడుగు ముందుకి, ఇలా మనుషులను జరిపే బ్యాలెన్సు కుదిర్చేవారు. పాట ఆఖరి చరణంలో ఒక ఫిడేలు కమాను జారితే అందరికీ మళ్ళీ మొదటి నుంచి టేక్. అందుకని ఉదయమంతా మానిటర్లు, రిహార్సళ్ళు. హాలు మధ్యలో నిలబడి చెయ్యి ఊపిన సహాయకుల పేర్లు చాలావరకు రికార్డు మీద లేవు. పాట మాత్రం డెబ్బై ఏళ్ళ తర్వాత కూడా చెదరకుండా ఉంది.

అదే 1922లో ద్రాక్షారామంలో పుట్టిన మరొక మహానుభావుడు ఈమని శంకరశాస్త్రి గారు. వైణికుడిగా ఆయన్ని అందరూ ఎరుగుదురు, చిట్టిబాబు గారి గురువుగానూ ఎరుగుదురు. జెమినీలో రాజేశ్వరరావు గారికి సహాయకుడిగా పనిచేసి, మద్రాసు ఆకాశవాణిలో చేరి, తర్వాత ఢిల్లీలో ఆకాశవాణి జాతీయ వాద్యబృందాన్ని నడిపారు. వాద్యవృంద అనే ఆ బృందం 1952లో రవిశంకర్, టి.కె. జయరామ అయ్యర్ గార్ల నాయకత్వంలో మొదలైంది. తెలుగువారిలో కండక్టర్ అన్న మాటకు అన్ని విధాలా సరిపోయే వ్యక్తి శంకరశాస్త్రి గారే అని నా అభిప్రాయం.

ఆయన పీట మీద ఉన్న చిక్కు వియన్నాలో ఎవరికీ లేదు. సితార్, సరోద్, వీణ, ఫిడేలు, వేణువు, తబలా, మృదంగం ఒకే గదిలో ఉన్నాయి. ఉత్తరాదివారి మీండ్ వేరు, మన గమకం వేరు. కాగితం మీద గాంధారం అని రాస్తే సరిపోతుందా? తోడి గాంధారాన్ని పదిమంది ఫిడేలు విద్వాంసులు పది రకాలుగా ఊపుతారు, పదీ శాస్త్రసమ్మతమే. విడివిడిగా వింటే పదీ అందమే, కలిపి వింటే రొద. గమకం తీసేస్తే రాగం ఎండిపోతుంది, ఎవరిష్టానికి వాళ్ళను వదిలేస్తే బృందం విరిగిపోతుంది. ఈ రెంటికీ మధ్య దారి కాగితం మీద దొరకదు. ఒకరి ఊపును అందరూ విని, ఆ ఊపును అందరూ ఒప్పుకుని, చెయ్యి అలవాటు పడేదాకా కలిసి వాయించవలసిందే. పడమటి కండక్టర్ రాసినదాన్ని వాయింపిస్తాడు. మన కండక్టర్ రాయలేనిదాన్ని కూడా వాయింపించాలి. మన బృంద సంగీతానికి రిహార్సల్ వాళ్ళకన్నా ఎక్కువ కావాలనడానికి ఇంతకన్నా వేరే కారణం అక్కర్లేదు.

ఇప్పుడు చెయ్యగలిగింది

ఈనాడు సినిమా పాటకు వాద్యకారులు ఒకే గదిలో కూర్చోనక్కర్లేదు. చెవిలో క్లిక్ పెట్టుకుని ఎవరి ట్రాకు వాళ్ళు, ఎవరి ఊళ్ళో వాళ్ళు వాయించి పంపుతారు. నిండైన కమాను వాద్యాల ధ్వని కావలసినప్పుడు బుడాపెస్ట్‌లోనో, ఉత్తర మాసిడోనియాలోని స్కోప్యెలోనో ఆర్కెస్ట్రాను మాట్లాడుకుంటున్నారు. ఖర్చు లెక్కలో అది తప్పు కాదు, నేను నిందించడం లేదు. క్లిక్ అందరికీ లయను సమానంగా ఇస్తుంది. పక్కవాడు ఊపిరి తీసుకున్నాడని మాత్రం చెప్పదు. ఒక తరం వాద్యకారులు పక్కవాణ్ణి వినే అవసరం లేకుండానే వృత్తిలో పెరుగుతున్నారు. ఆ లోటు పూడ్చే బాధ్యత సినిమాది కాదు, మన సభలదీ బడులదీ.

మూడు సూచనలు చేసి ముగిస్తాను. మొదటిది, సభలవారికి. బృంద కార్యక్రమం పెడితే బడ్జెట్టులో షామియానా, దండలు, శాలువాల పక్కన రిహార్సల్ అని ఒక పద్దు రాయండి. కచేరీకి ఇచ్చినట్టే రిహార్సల్‌కూ వాద్యకారులకు ఛార్జీలు, భోజనం, పారితోషికం ఇవ్వండి. ఇవ్వకపోతే వాళ్ళు నేరుగా వేదిక మీదే కలుస్తారు, ఆ ఫలితం మనమందరం విన్నదే.

రెండోది, సంగీత బోధకులకు. వారానికి ఒక్క గంట పిల్లలను కలిపి కూర్చోబెట్టండి. నలుగురు ఫిడేళ్ళు, ఇద్దరు వేణువులు, ఒక మృదంగం చాలు. ఆ గంటలో కొత్త కీర్తన చెప్పొద్దు. వచ్చిన గీతమే, వచ్చిన వర్ణమే. ఒక్కొక్క వారం ఒక్కొక్క పిల్లో పిల్లాడో ముందు నిలబడి ఎత్తుగడ ఇవ్వాలి, ఆపాలి, ఎవరు, ఎక్కడ, ఏమిటి అని చెప్పాలి. తన వాద్యం పక్కన పెట్టి పదిమందిని వినవలసి వచ్చిన పిల్ల, తిరిగి తన చోటుకు వెళ్ళి కూర్చున్నప్పుడు వేరేలా వాయిస్తుంది. ఇది నేను కళ్ళారా చూశాను.

మూడోది, ఈ ధర్మనిధి నిర్వాహకులకు. వచ్చే ఏడాది ఉపన్యాసకుణ్ణి పిలవకండి. ఆ సొమ్ముతో కొత్తవలస, చుట్టుపక్కల బడుల నుంచి పిల్లలను ఎంచి, వేసవి సెలవుల్లో కలిపి రిహార్సల్ చేయించండి. ఇదే వేదిక మీద పావుగంట వాయించనివ్వండి. పావుగంటకు ఒక వేసవి ఖర్చు పెట్టడం దుబారా అని కమిటీలో ఎవరైనా అంటే, ఈ వృత్తిలో లెక్క ఎప్పుడూ అంతేనని నా మాటగా చెప్పండి. దానికి ఈ ఏడాది నాకిచ్చే పారితోషికం మొదటి చందాగా జమ వేసుకోండి.